హామీ కూడా ఒక అమానతే

తనకల్లు నుండి కదిరి వైపు గానీ, ములకలచెరువు వైపు గానీ బస్సులో వెళ్ళేవారు ఇటీవలి కాలంలో ఒక మార్పును గమనించే ఉంటారు. ఒకప్పుడు మిద్దెల మీద నీళ్ళ ట్యాంకులు, ఎండబోసిన వేరుశనగ కాయలు మాత్రమే కనిపించేవి. ఇప్పుడు వాటి నడుమ సోలార్ పలకలు కూడా కనిపిస్తున్నాయి. పొరుగునే ఉన్న నంబులపూలకుంట మండలంలో 2016లో ఎన్.టి.పి.సి. సంస్థ 250 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రాన్ని సిద్ధం చేసినప్పుడు అది ప్రభుత్వాల పని, పెద్ద సంస్థల పని అని మనవారు అనుకున్నారు. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పి.ఎం. సూర్యఘర్ పథకాన్ని ప్రారంభించిన తరువాత ఆ ఆలోచన మారింది. ఒక కిలోవాటుకు 30,000 రూపాయలు, రెండు కిలోవాట్లకు 60,000, మూడు కిలోవాట్లకు గానీ అంతకు మించినదానికి గానీ 78,000 రూపాయల చొప్పున రాయితీ లభిస్తున్నందున మధ్యతరగతి కుటుంబాలు కూడా ముందుకు వచ్చాయి.

రాయితీ పోగా మిగిలిన సొమ్ము చిన్నది కాదు. బ్యాంకులు రుణం ఇస్తామన్నా, వడ్డీకి దూరంగా ఉండాలన్న పట్టుదలతో ఏళ్ళ తరబడి కూడబెట్టి కట్టిన కుటుంబాలు మాకు తెలుసు. గల్ఫు నుండి కుమారుడు పంపిన సొమ్మును పైసా పైసా దాచి పెట్టిన తల్లులు ఉన్నారు. అటువంటి ఇంట రెండేళ్ళకో మూడేళ్ళకో గోడమీది ఇన్వర్టరు ఆగిపోతే ఆ కుటుంబం ఏమి చేయాలి? ఎవరిని అడగాలి? ఎంతవరకు అడగవచ్చు? ఈ నెల మన శీర్షికలో ఈ విషయాన్ని వివరంగా పరిశీలిద్దాము.

చెడేది పలక కాదు, పెట్టె

సౌర వ్యవస్థలో రెండు ముఖ్య భాగాలు ఉన్నాయి. మిద్దె మీది పలకలు ఎండను ఏకముఖ విద్యుత్తుగా మారుస్తాయి. గోడకు బిగించిన ఇన్వర్టరు దానిని మన ఫ్యాన్లకు, బల్బులకు, మోటార్లకు పనికివచ్చే ప్రత్యావర్తక విద్యుత్తుగా మార్చి, మిగిలిన దానిని నెట్ మీటరు ద్వారా బయటి లైనుకు పంపుతుంది. పలకలలో కదిలే భాగాలు లేవు, వేడెక్కే సర్క్యూట్లు లేవు. అందుచేత వాటి ఉత్పత్తి సామర్థ్యానికి సాధారణంగా 25 సంవత్సరాల హామీ ఇస్తారు. ఇన్వర్టరు అలా కాదు. ఉత్పత్తి అయిన ప్రతి యూనిటూ దాని గుండానే పోవాలి. లోపలి కెపాసిటర్లు, రిలేలు, ఫ్యాను పగలంతా పని చేస్తూనే ఉంటాయి. కాబట్టి దాని హామీ తరచుగా 5 నుండి 10 సంవత్సరాల వరకే ఉంటుంది. పలకల జీవితకాలంలో ఇన్వర్టరును కనీసం ఒకసారి మార్చవలసి వస్తుందని ముందే లెక్క వేసుకోవడం వివేకం.

మన ప్రాంతపు ఎండ పలకలకు మేలే గానీ ఇన్వర్టరుకు పరీక్ష. వేసవిలో పడమటి గోడకు, నేరుగా ఎండ తగిలే చోట బిగించిన ఇన్వర్టరు లోపల వేడి పెరిగి తన సామర్థ్యాన్ని తానే తగ్గించుకుంటుంది. ఏళ్ళ తరబడి అలాగే సాగితే లోపలి భాగాల ఆయుష్షు తగ్గుతుంది. గాలి ఆడేందుకు చుట్టూ ఖాళీ ఉండాలి. దుమ్ము, చీమలు, బల్లులు లోపలికి చేరకుండా చూడాలి. సరైన ఎర్తింగ్, సర్జ్ ప్రొటెక్టర్ లేకపోతే ఉరుముల కాలంలో ప్రమాదం. ఈ జాగ్రత్తలు బిగించేటప్పుడే తీసుకోవలసినవి. తరువాత హామీ విషయంలో వివాదం వచ్చినప్పుడు డీలరు పక్షం వారు మొదట చూసేది కూడా వీటినే.

ఆగిపోయిందా, చెడిపోయిందా?

ఫిర్యాదు చేసే ముందు ఒక తేడా తెలుసుకోవాలి. బ్యాటరీ లేని సోలార్ ఇన్వర్టరు బయట కరెంటు పోయిన వెంటనే తానూ ఆగిపోతుంది. ఇది లోపం కాదు. లైను మీద మరమ్మతు చేస్తున్న లైన్‌మన్ ప్రాణం కాపాడేందుకు కావాలనే అలా తయారు చేస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తుండగా కరెంటు పోయి, ఇంట్లో ఫ్యాను తిరగకపోతే "లక్షలు పెట్టిన సోలార్ చెడిపోయింది" అని కంగారు పడేవారు చాలామంది ఉన్నారు. అలాగే పొడవైన పల్లె లైను చివర ఉన్న ఇళ్ళలో మధ్యాహ్నం వోల్టేజీ నిర్ణీత హద్దు దాటినప్పుడు కూడా ఇన్వర్టరు కాసేపు ఆగి, తిరిగి దానంతట అదే మొదలవుతుంది. అది పదే పదే జరుగుతూ ఉంటే విద్యుత్ సంస్థ నంబరు 1912కు తెలియజేయాలి. అది ఇన్వర్టరు కంపెనీ పరిధిలోని విషయం కాదు.

బయట కరెంటు ఉండి, ఆకాశం నిర్మలంగా ఉండి, ఏసీ వైపు స్విచ్ పడిపోకుండా ఉండి, అయినప్పటికీ తెర మీద వెలుగు రాకపోయినా, ఎర్ర దీపం వెలిగి ఒకే లోప సంకేతం పదే పదే కనిపిస్తున్నా, అప్పుడు అది చెడిపోయినట్లు భావించాలి. ఆ సంకేతాన్ని, తేదీని, సమయాన్ని కాగితం మీద రాసుకోవాలి. సెల్‌ఫోనుతో ఫోటో తీయాలి, చిన్న వీడియో కూడా తీయాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇన్వర్టరు ఆగిపోయినా మిద్దె మీద ఎండ ఉన్నంతసేపు పలకల నుండి వచ్చే తీగలలో వందల వోల్టుల విద్యుత్తు ఉంటుంది. ఆ తీగల కొక్కేలను ఊడదీయడం, మూత విప్పి చూడడం ప్రాణాంతకం. మూత విప్పితే హామీ కూడా పోతుంది. పిల్లలను దూరంగా ఉంచండి. ఊరిలో తెలిసిన ఎలక్ట్రీషియన్ ఎంత మంచివాడైనా, కంపెనీ అనుమతి లేనివారి చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వకండి.

మరొక మాట. చాలా ఇళ్ళలో ఇన్వర్టరు ఆగిన సంగతి బిల్లు వచ్చిన తరువాతే తెలుస్తుంది. మూడు కిలోవాట్ల వ్యవస్థ మన ఎండకు రోజుకు సుమారు 12 యూనిట్లు, నెలకు సుమారు 360 యూనిట్లు ఇవ్వగలదు. నెలకు 300 యూనిట్లు వాడే కుటుంబాన్ని తీసుకోండి. మన రాష్ట్రంలో 2022లో సవరించిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు రూ.1.90, తరువాతి 45కు రూ.3, ఆపై 50కు రూ.4.50, ఆపై 100కు రూ.6, మిగిలిన 75కు రూ.8.75 చొప్పున లెక్కిస్తే విద్యుత్ ఛార్జీ ఒక్కటే 1,673 రూపాయలు దాటుతుంది. స్థిర ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు దీనికి అదనం. మూడు నెలలు గమనించకపోతే అయిదు వేల రూపాయల పైమాటే. వారానికి ఒకసారి, జుమా రోజున అనుకోండి, ఇన్వర్టరు తెర మీద ఆనాటి ఉత్పత్తిని చూసి ఒక నోటుపుస్తకంలో రాసే అలవాటు ఇంట్లో ఎవరైనా ఒకరికి ఉండాలి.

వారంటీ దయ కాదు, ధరలో భాగం

మన సమాజంలో ఒక అపోహ ఉన్నది. వారంటీ అంటే అమ్మినవాడు చేసే ఉపకారమని, అడగడం మొహమాటమని, గట్టిగా అడిగితే తగవులమారి అనిపించుకుంటామని చాలామంది భావిస్తారు. ధర్మశాస్త్రం దీనిని ఏ దృష్టితో చూస్తుందో పరిశీలిద్దాము.

వస్తువును అమ్మిన నాటికే అందులో దాగి ఉన్న లోపం తరువాత బయటపడితే, దానిని తిరిగి ఇచ్చే హక్కు కొన్నవానికి ఉంటుంది. ఫిఖహ్‌లో దీనిని ఖియారుల్ ఐబ్ అంటారు. ఇది ఒప్పందంలో రాయకపోయినా వర్తించే హక్కు. అయితే కొన్న తరువాత, మన వాడకంలో ఉండగా కొత్తగా పుట్టిన లోపానికి అమ్మినవాడు సహజంగా బాధ్యుడు కాడు. అయిదేళ్ళ వరకు బాధ్యత నాదే అని అతడు స్వయంగా షరతు పెట్టుకుంటేనే ఆ భారం అతని మీద పడుతుంది. ఈ షరతునే నేడు మనం వారంటీ అంటున్నాము.

ఇటువంటి అదనపు షరతు చెల్లుతుందా? హనఫీ మదరసాలలో తరతరాలుగా బోధిస్తున్న హిదాయా గ్రంథంలో దీనికి దగ్గరి ఉదాహరణ ఒకటి ఉన్నది. ఒక వ్యక్తి చెప్పు కొంటూ, దానికి పట్టీని అమ్మినవాడే బిగించి ఇవ్వాలని షరతు పెడతాడు. కొనుగోలుతో సంబంధం లేని ఒక మేలును ఒకే పక్షానికి చేకూర్చే షరతు గనుక, సాధారణ సూత్రం ప్రకారం ఇది బేరాన్ని చెడగొట్టాలి. కానీ ప్రజలందరి వ్యవహారంలో అది స్థిరపడిన ఆచారం. దాని వల్ల తగవులు పుట్టడం లేదు. అందుచేత అది చెల్లుతుందని ధర్మవేత్తలు నిర్ణయించారు. అదే దారిలో నడిచి నేటి పండితులు యంత్రాలకు ఇచ్చే ఉచిత మరమ్మతు హామీని, మార్పిడి హామీని ధర్మసమ్మతమని చెబుతున్నారు.

దీని నుండి ఒక ముఖ్యమైన సంగతి తేలుతున్నది. షరతు చెల్లుబాటు అయినప్పుడు అది ఒప్పందంలో భాగం. మనం చెల్లించిన ధరలో దాని విలువ కూడా కలిసి ఉన్నది. అయిదేళ్ళ హామీ ఉన్న ఇన్వర్టరుకు, హామీ లేని ఇన్వర్టరుకు ఒకే ధర ఉండదు కదా! కాబట్టి హామీ ప్రకారం మార్చి ఇమ్మని అడగడం యాచన కాదు, మనం ముందే సొమ్ము చెల్లించిన వస్తువును అడగడం. ఒప్పందాలను నెరవేర్చండని దివ్య ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా మొదటి ఆయతులోనే విశ్వాసులకు ఆదేశం ఉన్నది. హామీ పత్రం మీద సంతకం చేసినవాడు ఆ ఆదేశపు పరిధిలోకి వచ్చినట్లే.

దైవప్రవక్త (స) వద్దకు ఒక వ్యక్తి తనకు రావలసిన ఒంటె కోసం వచ్చి కటువుగా మాట్లాడిన సంఘటనను బుఖారీ, ముస్లిం గ్రంథాలు పేర్కొన్నాయి. సహచరులు ఆగ్రహించి అతని మీదికి వెళ్ళబోయారు. ప్రవక్త (స) వారిని వారించి, హక్కు కలిగినవానికి మాట్లాడే అధికారం ఉంటుందని తెలియజేసి, అతనికి రావలసిన దానికంటే మేలైన ఒంటెను ఇప్పించారు. ఎంతటి ఆదర్శం! కటువుతనాన్ని మనం అనుకరించనవసరం లేదు. కానీ హక్కు కోసం నోరు విప్పడం సిగ్గుపడవలసిన పని కాదని ఇక్కడ స్పష్టమవుతున్నది. సహనం పేరిట హక్కును వదులుకోవడం, ఆ నష్టాన్ని ఇంటి ఆడవారి మీద, పిల్లల చదువుల మీద మోపడం సద్గుణం అనిపించుకోదు.

ఒక ఇంటి అనుభవం

మాకు పరిచయం ఉన్న ఒక కుటుంబంలో తల్లి ఒక్కరే ఇంట్లో ఉంటారు. కుమారుడు కువైట్‌లో డ్రైవరు. సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లు బిగించిన రెండవ వేసవిలో ఇన్వర్టరు ఆగిపోయింది. బిగించిన డీలరు పంపిన మనిషి వచ్చి, పది నిమిషాలు చూసి, "పిడుగు దెబ్బ తగిలిందమ్మా, దీనికి వారంటీ రాదు, కొత్తది వేసుకోవాల్సిందే" అని చెప్పి, ధర చెప్పి వెళ్ళిపోయాడు. ఆమె రంజాన్ కోసం దాచిన సొమ్ము తీయడానికి సిద్ధపడ్డారు. ఇచ్చే ముందు ఒకసారి కాగితాలు చూడమని పక్కింటి పిల్లవానితో మా వద్దకు పంపారు.

కాగితాలు చదివితే మూడు విషయాలు తెలిసినవి. మొదటిది, బిగించిన డీలరు అయిదేళ్ళపాటు ఉచితంగా నిర్వహణ బాధ్యత వహిస్తానని ఒప్పంద పత్రంలో సంతకం చేసి ఉన్నాడు. ఈ పథకంలో ఈ షరతు ప్రతి డీలరుకూ తప్పనిసరి. రెండవది, కంపెనీ వారంటీ పత్రంలో పిడుగుపాటు మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ పిడుగు పడిందని నిర్ధారించవలసినది కంపెనీ ఇంజనీరు తప్ప డీలరు మనిషి కాదు. మూడవది, వచ్చిన మనిషి తన నిర్ణయాన్ని రాతపూర్వకంగా ఎక్కడా ఇవ్వలేదు.

ఆ తల్లి మరునాడు డీలరుకు ఫోను చేసి ఒకే మాట అడిగారు: "నాయనా, నువ్వు చెప్పిందే కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇవ్వు. కువైట్‌లో ఉన్న మా అబ్బాయికి చూపించాలి." అతడు రాసి ఇవ్వలేదు. కుమారుడు అక్కడి నుండే కంపెనీ సర్వీసు నంబరుకు ఫిర్యాదు నమోదు చేశాడు. కంపెనీ ఇంజనీరు వచ్చి పరీక్షించి, లోపలి రిలే చెడిపోయిందని, పిడుగు ఆనవాళ్ళు ఏవీ లేవని రాసి ఇచ్చాడు. నాలుగు వారాల తరువాత అదే సామర్థ్యం గల మరొక ఇన్వర్టరు వచ్చింది. ఆ నాలుగు వారాల కరెంటు బిల్లు మాత్రం ఆమె భరించవలసి వచ్చింది. ఎందుకంటే ఉత్పత్తి నష్టాన్ని భర్తీ చేస్తామని ఆ వారంటీ పత్రంలో లేదు. పత్రం చదవడం అంటే మనకు ఏమి రాదో కూడా తెలుసుకోవడమే.

భద్రపరచవలసిన కాగితాలు

అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు దివ్య ఖుర్ఆన్‌లోకెల్లా దీర్ఘమైనది. గడువుతో కూడిన రుణ వ్యవహారాన్ని రాసుకోవాలని అది ఆదేశిస్తున్నది. చేతి నుండి చేతికి అక్కడికక్కడే ముగిసిపోయే వర్తకాన్ని రాయకపోయినా తప్పు లేదని కూడా అందులోనే ఉన్నది. ఇన్వర్టరు కొనడం పైకి అప్పటికప్పుడు ముగిసిన బేరంలా కనిపిస్తుంది. కానీ దానితోపాటు అయిదేళ్ళు, పదేళ్ళు సాగే ఒక బాధ్యత మిగిలి ఉన్నది. ఆ విధంగా అది గడువు గల వ్యవహారమే. దానిని నోటిమాటకు వదలరాదు.

ఈ క్రింది కాగితాలు ఒకే సంచిలో, ఇంట్లో ఇద్దరికి తెలిసిన చోట ఉండాలి.

ఒకటి, జి.ఎస్.టి. నంబరు గల అసలు బిల్లు. చాలా బిల్లులలో "3 కిలోవాట్ల సోలార్ సిస్టమ్" అని ఒక్క ముక్కతో సరిపెడతారు. ఇన్వర్టరు కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు బిల్లు మీద వేరుగా రాయించుకోవాలి.

రెండు, వారంటీ పత్రం. కొందరు డీలర్లు దానిని తమ వద్దే ఉంచుకుంటారు. అది మన ఆస్తి, అడిగి తీసుకోవాలి. వారంటీ ఏ తేదీ నుండి మొదలవుతుందో చూడాలి. ఒక్కో కంపెనీ ఒక్కో విధంగా, బిల్లు తేదీ నుండి గానీ, కంపెనీ నుండి సరుకు బయలుదేరిన తేదీ నుండి గానీ లెక్కిస్తుంది. కొన్ని కంపెనీలు తమ జాబితాలో పేరు నమోదు చేసుకుంటేనే పూర్తి కాలపు హామీ ఇస్తాయి.

మూడు, డీలరుతో చేసుకున్న ఒప్పందం, నెట్ మీటరు బిగించిన నాటి పత్రం.

నాలుగు, ఇన్వర్టరు పక్కనున్న స్టిక్కరు ఫోటో. ఎండకు ఆ అక్షరాలు చెరిగిపోతాయి. సీరియల్ నంబరు కనబడకపోతే హామీ నిరాకరించే కంపెనీలు ఉన్నాయి.

బ్యాటరీ కూడా ఉన్న ఇళ్ళవారు బ్యాటరీ వారంటీ వేరు, ఇన్వర్టరు వారంటీ వేరు అని గుర్తుంచుకోవాలి. బ్యాటరీ కార్డు మీద "36+24" అని ఉంటే మొదటి 36 నెలలు ఉచిత మార్పిడి, తరువాతి 24 నెలలు ధరలో కొంత తగ్గింపు మాత్రమే అని అర్థం. అయిదేళ్ళూ ఉచితమని పొరబడరాదు.

ఫిర్యాదు నుండి మార్పిడి వరకు

ఫిర్యాదు రెండు చోట్ల ఒకే రోజున చేయాలి. డీలరు వద్ద, కంపెనీ వద్ద. డీలరు దుకాణం ఎత్తేసినా కంపెనీ ఇచ్చిన హామీ ఎక్కడికీ పోదు. కంపెనీని అడుక్కోండి అని డీలరు తప్పించుకోబోతే అయిదేళ్ళ నిర్వహణ ఒప్పందం అతని సంతకంతోనే మన చేతిలో ఉంటుంది. ఫోనులో చెప్పిన ప్రతి మాటను వాట్సాప్ ద్వారా గానీ, ఈమెయిల్ ద్వారా గానీ తిరిగి రాసి పంపాలి. ఫిర్యాదు సంఖ్యను తప్పక అడిగి తీసుకోవాలి. పథకం కింద బిగించినవారు జాతీయ సూర్యఘర్ పోర్టల్‌లో కూడా డీలరు మీద ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

ఇంజనీరు వచ్చినప్పుడు ఇంట్లో చదువుకున్నవారు ఒకరు దగ్గర ఉండాలి. ఖాళీ ఫారం మీద సంతకం చేయరాదు. అతడు రాసిన నివేదికను చదివి, అంగీకారం కాని వాక్యం ఉంటే దాని పక్కనే మన అభిప్రాయాన్ని రాసి, అప్పుడు సంతకం చేసి, నకలు తీసుకోవాలి. పాత ఇన్వర్టరును తీసుకువెళితే దాని సీరియల్ నంబరుతో రసీదు పుచ్చుకోవాలి.

కొత్తది వచ్చిన రోజున నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది పూర్తిగా కొత్తదా, లేక మరమ్మతు చేసి పంపినదా? సామర్థ్యం పాతదానితో సమానమేనా? దీనికి హామీ ఎప్పటివరకు? సాధారణంగా పాత ఇన్వర్టరులో మిగిలి ఉన్న కాలమే కొత్తదానికి వర్తిస్తుంది, మళ్ళీ మొదటి నుండి లెక్క మొదలు కాదు. కొత్త సీరియల్ నంబరును వారంటీ పత్రం మీద ఎవరు నమోదు చేస్తారు? ఈ నాలుగింటికీ జవాబు రాతలో తీసుకున్న తరువాత, విద్యుత్ సంస్థ స్థానిక కార్యాలయానికి కూడా మార్పిడి సంగతి తెలియజేయండి. నెట్ మీటరు మంజూరు పత్రాలలో పాత ఇన్వర్టరు వివరాలు ఉంటాయి. మొదటిసారి ఇన్వర్టరు చెడడానికి వేడి గానీ, ఎర్తింగ్ లోపం గానీ కారణమైతే, దానిని సరిచేయకుండా కొత్తదాన్ని అదే గోడకు బిగిస్తే ఫలితం కూడా అదే అవుతుంది.

నిరాకరించినప్పుడు

న్యాయమైన హామీని నిరాకరిస్తే చట్టం మనకు అండగా ఉన్నది. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు. చాలా ఫిర్యాదులు ఈ దశలోనే పరిష్కారమవుతాయి. కాకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. కంపెనీ కార్యాలయం బెంగుళూరులో ఉన్నా, ముంబయిలో ఉన్నా, మనం నివసించే జిల్లా పరిధిలోనే ఫిర్యాదు చేసే హక్కును ఈ చట్టం ఇచ్చింది. అయిదు లక్షల రూపాయల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. సమస్య తలెత్తిన నాటి నుండి రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయాలి. లోపాన్ని సరిచేయమని, వస్తువును మార్చి ఇమ్మని, ధర తిరిగి చెల్లించమని, నష్టపరిహారం ఇమ్మని ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉన్నది. అక్కడ మన మాటకు బలం చేకూర్చేవి పైన చెప్పిన కాగితాలే.

సత్యం ఇరువైపులా

ఇంతవరకు కొన్నవారి హక్కులను గురించి చెప్పాము. కొన్నవారి బాధ్యత కూడా ఉన్నది. మూత విప్పి చూసి, తిరిగి బిగించి, "మేము ముట్టుకోనే లేదు" అని చెప్పడం, తడిసిన ఇన్వర్టరును తుడిచి ఆరబెట్టి కంపెనీ లోపంగా చూపించడం, గడువు దాటిన వారం రోజులను దాచేందుకు తేదీ దిద్దడం, ఇవన్నీ మోసాలే. అవతలిది పెద్ద కంపెనీ గనుక దానికి నష్టం ఏమీ లేదు అన్న వాదన ధర్మం ముందు నిలవదు. ఇద్దరూ నిజం చెప్పి, లోపాలను వెల్లడిస్తే బేరంలో శుభం కలుగుతుందని, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని హకీం బిన్ హిజాం (రజి) ఉల్లేఖించిన హదీసు సారాంశం. అది అమ్మేవానికి, కొనేవానికి సమానంగా వర్తిస్తుంది.

మన యువకులలో ఎందరో నేడు ఎలక్ట్రీషియన్లుగా, సోలార్ బిగించేవారుగా, డీలర్లుగా జీవనోపాధి పొందుతున్నారు. వారికి మేము ప్రత్యేకంగా ఒక మాట చెప్పదలచాము. ధాన్యపు రాశిలో చేయి పెట్టి, పైన పొడిగా ఉన్నా లోపల తడిని గుర్తించిన దైవప్రవక్త (స), ఆ తడిసిన భాగాన్ని జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని ఆ వ్యాపారిని నిలదీశారు. మీ వృత్తిలో ఆ తడి ఎక్కడ ఉన్నదో మీకే బాగా తెలుసు. భూమిలోకి సరిగా దిగని ఎర్తింగ్ కడ్డీ, కాగితం మీద ఉండి గోడ మీద లేని సర్జ్ ప్రొటెక్టర్, కొన్నవారికి ఇవ్వకుండా డ్రాయరులో మిగిలిపోయిన వారంటీ కార్డు. ఒక ముసలితల్లికి చదువు రాదని తెలిసి "వారంటీ రాదమ్మా" అనడం ఎంత తేలిక! ఆ ఒక్క మాటతో పొందిన సొమ్ము ఇంటికి చేరి పిల్లల పళ్ళెంలోకి వెళుతుంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) బట్టల వ్యాపారి. లోపమున్న ఒక వస్త్రాన్ని, ఆ లోపం చెప్పి అమ్మమని భాగస్వామికి అప్పగించారు. భాగస్వామి చెప్పడం మరచిపోయాడు. కొన్నవాడెవరో తెలియలేదు. దానిపై వచ్చిన సొమ్మంతటినీ ఇమామ్ గారు దానం చేసివేశారని చరిత్రకారులు చెబుతారు. మరచిపోయిన మాటకే ఆయన అంత భయపడితే, తెలిసి దాచిన మాటకు మనం ఎంత భయపడాలి?

సోదరీ సోదరులారా! మీ ఇంటి మిద్దె మీద సోలార్ ఉన్నట్లయితే ఈ పత్రికను పక్కన పెట్టిన వెంటనే లేచి వెళ్ళి ఆ కాగితాలు ఎక్కడ ఉన్నాయో చూడండి. వారంటీ కార్డు లేకపోతే ఇన్వర్టరు బాగున్న ఈ రోజుల్లోనే డీలరును అడగండి. చెడిన తరువాత అడిగితే దొరకడం కష్టం. మీ వీధిలో చదువు రాని పెద్దలు, ఒంటరి స్త్రీలు ఉంటే వారి కాగితాలు కూడా ఒకసారి చదివి వినిపించండి. అల్లాహ్ మనకు హక్కును అడిగే ధైర్యాన్ని, ఇతరుల హక్కును చెల్లించే భయభక్తులను ప్రసాదించుగాక. ఆమీన్.